తలగడ కింది కత్తెర

ఎల్లారెడ్డి
9 ఆగస్టు 2024

వనజకు,

నీ క్షేమం అడగను. తోడబుట్టినదానివని ఆశీర్వాదం రాద్దామంటే కలం కదలడం లేదు.

ఇంత దగ్గర ఉండి ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఫోన్లో మొన్న నేను తిట్టాను, నువ్వు పెట్టేశావు. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే జరుగుతుంది. కాగితాన్ని మధ్యలో పెట్టేయలేవు. మన పురుషోత్తం కామారెడ్డి బస్సుకు కండక్టరు కాబట్టి అతని చేత పంపుతున్నాను. జవాబుంటే అతనికే ఇవ్వు. లేకపోతే ఈ కాగితం నమిలి మింగు.

ఈ పొద్దున నా బిడ్డ అనూహ్యకు నీళ్ళు పోశాను. చీర తొలగిస్తే తొడల మీద వేళ్ళ గుర్తులు. నేరేడుపండ్లు నలిపి రుద్దినట్టు నల్లగా ఉన్నాయి. పైన నాలుగు వేళ్ళు, లోపలివైపు బొటనవేలు. నా వేళ్ళు వాటి మీద ఆనించి చూశాను. సరిపోలేదు, కొంచెం చిన్న చేయి. "ఎవరియే బిడ్డా ఇవి?" అన్నాను. గోడవైపు తిరిగింది. "చిన్నవ్వయి" అంది.

చిన్నవ్వ అంటే నువ్వు. పుట్టినప్పటి నుంచి అది నిన్ను పిలిచే పిలుపు.

నువ్వు నర్సుగా ఉన్న ప్రైవేటు దవాఖానలో కాన్పు గది బయట బెంచీ మీద కూర్చుని నేను నామం చెప్పుకుంటున్నాను. లోపల చెంప మీద కొట్టిన చప్పుడు. నామం నోట్లోనే ఆగిపోయింది. మీ ఆయా శాంతవ్వ గొంతు విన్నాను: "మొగని పక్కల పండుకున్ననాడు గిట్లనే ఒర్రినవానె? నోరు మూస్కో, లేకుంటె గిట్లనే ఇడ్సిపెట్టి పోత." నా బిడ్డ గొంతు విన్నాను: "చిన్నవ్వా, నువ్వన్న సెప్పరాదే." నీ గొంతు వినపడలేదు. నేను తలుపు బాదాను. లోపలినుంచి గడియ బిగించిన చప్పుడు వచ్చింది.

ఇక కత్తెర సంగతి. బాలింత తల కింద ఇనుము పెట్టాలని నీకు తెలియదా? బీర్కూర్‌లో మనమిద్దరం పుట్టినప్పుడు మన అవ్వ తల కింద కొడవలి లేదా? తొందరలో కొడవలి మరిచాను. సంచిలో నా బీడీ కత్తెర ఉంది. తునికాకు కోసి కోసి మొన అరిగిన కత్తెర. అది వార్డులో అనూహ్య తలగడ కింద పెట్టాను. దయ్యం రాకుండా పెట్టాను. దయ్యాలకు తెల్ల కోట్లుంటాయని నాకేం తెలుసు?

ఆ మధ్యాహ్నం నేను కింద నల్లా దగ్గర బట్టలు పిండుతున్నాను. పైన కేకలు. ఉరికి వచ్చేసరికి శాంతవ్వ అరచేయి నుంచి రక్తం. నా అల్లుడు హరీష్ చేతిలో నా కత్తెర. మీ దవాఖాన మనుషులు ఇద్దరు అతన్ని గోడకు అదిమిపట్టారు, మూడోవాడు కడుపులో గుద్దుతున్నాడు. నువ్వు మంచం పక్కన నిల్చుని చూస్తున్నావు. పోలీసులు రాగానే హరీష్ కత్తెరతో ఆయా మీద దూకాడని సంతకం పెట్టావు. దవాఖాన మీద దాడి అని మీ డాక్టరమ్మ కేసు పెట్టింది, అతన్ని జైల్లో వేశారు. హరీష్! కోడిని కోయమంటే దొడ్లోకి పారిపోయేవాడు! శాంతవ్వ చేయి ఏ మందు సీసా పగిలి తెగిందో, ఆ నేరం కత్తెర మీదికి మీరే తోశారు. నా నమ్మకం ఇది. హరీష్‌ను అడిగితే తల దించుకుంటాడు. మీరు బెదిరించి ఉంటారు.

కంసుడు ఎవరనుకున్నావు? బయటివాడు కాదు. దేవకి తోబుట్టువు. పెండ్లినాడు పగ్గాలు తానే పట్టి రథం తోలినవాడు. పగ్గాలు పట్టిన చేతితోనే ఆమె జుట్టు పట్టాడు. "సర్కారు దవాఖాన ఎందుకక్కా, నేనున్న కాడికి తోల్కరా, మనోళ్ళను మనం సూసుకుంటం" అని ఆటో మాట్లాడి అనూహ్యను పక్కన కూర్చోబెట్టుకుని పోయింది ఎవరు?

ఠాణాకు పో. సంతకం వెనక్కి తీసుకో. నా అల్లుడిని నా బిడ్డకు ఇప్పించు. అప్పటిదాకా నాకు చెల్లెలు లేదు.

యాదవ్వ


కామారెడ్డి
12 ఆగస్టు

అక్కా,

నువ్వు చెల్లె అని రాయకపోయినా నేను అక్కా అనే రాస్తాను. వేరే పిలుపు నాకు రాదు.

నీ కాగితం మందుల గదిలో నిలబడి చదివాను. కాళ్ళు పట్టింది నేనే. తొడ మీద కొట్టింది కూడా నేనే. చెంప మీద కొట్టింది శాంతవ్వ. దాంట్లో తేడా ఏముందంటావు. ఏమీ లేదు.

కాని లోపల ఏం జరిగిందో కూడా విను. పసిదాని గుండె చప్పుడు తగ్గుతోంది. పక్క బల్ల మీద ఇంకొకామె, నేల మీద చాప వేసుకుని మరొకామె. డాక్టరమ్మ "జల్ది కానియ్యిండ్రి" అని అరుస్తోంది. అనూహ్య కాళ్ళు దగ్గరికి ముడుచుకుంటోంది. శాంతవ్వ పీట ఎక్కి మోచేతులతో కడుపు మీద నొక్కింది. మత్తు పట్టేదాకా ఆగకుండానే కాన్పు దారి కోశారు. కుట్టేటప్పుడూ ఆగలేదు. నేను ఈ పనిలో చేరిన కొత్తలో పెద్ద సిస్టరు నా చేయి పట్టుకుని మరీ కొట్టించింది. "జాలి జూపిస్తె పిల్ల సస్తది, తర్వాత నిన్నే తిడ్తరు" అంది. ఆ చదువు ఒంటికి పట్టింది. ఏ ఊరి పిల్ల వచ్చినా అదే చేయి. అనూహ్య వచ్చినప్పుడు ఆ చేయి వేరేగా ఉండాలని ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పుకోలేదు.

పాప బతికింది అక్కా. అది కూడా ఆ గదిలోనే జరిగింది. ఆ మాట నీ కాగితంలో ఎక్కడా లేదు.

బస్సులో ఒక పొట్లం పంపుతున్నాను. పూతమందు, మాత్రలు. కుట్లు గోరువెచ్చని నీళ్ళతో కడగాలి. చీము కనిపిస్తే, జ్వరం వస్తే ఆలస్యం చేయకు.

ఒకటి అడుగుతాను, కోపపడకుండా చెప్పు. ఆ మధ్యాహ్నం గురించి అనూహ్య నీతో ఏమైనా అన్నదా? సంతకం సంగతి మాత్రం అడగకు. నువ్వనుకున్నట్టు కాదు. అంతకు మించి రాయలేను.

పాపకు ముద్దులు. దాని తల మీద జుట్టు ఎంత ఉందో! మన అవ్వ జుట్టే.

వనజ


ఎల్లారెడ్డి
16 ఆగస్టు

వనజకు,

నీ పొట్లం విప్పకుండా మోరీలో విసిరాను. పొట్లం చినిగి పూతమందు గొట్టం ఆ మురికినీళ్ళలో తేలుతుంటే మా గల్లీ కుక్క వాసన చూసి వదిలేసి పోయింది. కుక్కకు కూడా తెలిసింది.

నిన్న హరీష్‌ను చూడబోయాను. నడుస్తుంటే అడుగు పక్కకు వేస్తున్నాడు, మడమ నేలకు ఆనించడం లేదు. ఠాణాలో అరికాళ్ళ మీద కొట్టారట. "ఎందుకు కొట్టిన్రు బిడ్డా, నువ్వు చెయ్యలేదని చెప్పరాదు?" అన్నాను. "నేనే అన్నగద అత్తా, ఇగ అడుగకు" అన్నాడు. పాప ఎట్లుందని మాత్రం మళ్ళీ మళ్ళీ అడిగాడు. చూడు, ఎంత భయపెట్టారో! చేయని పాపం నెత్తిన వేసుకునేదాకా కొట్టారు!

ఇక్కడ నా బిడ్డ పాపను ఎత్తుకోవడం లేదు. నేనే రొమ్ముకు ఆనిస్తే ఒళ్ళు బిగబట్టుకుంటుంది. తలుపు చప్పుడైతే రెండు కాళ్ళూ దగ్గరికి ముడుచుకుంటుంది. తలుపు తీసేది నేనే, కాళ్ళు ముడుచుకునేది నన్ను చూసి! కన్నతల్లిని చూసి! నువ్వు నేర్పిన పాఠం ఎంత బాగా ఒంటబట్టిందో చూసుకో.

పాప బతికింది అని రాశావు. చెరసాలలో కూడా పిల్లలు పుట్టారు వనజా. పుట్టినందుకు ఎవరైనా చెరసాలకు దండం పెట్టారా? బతికించేవాడు పైనున్నాడు. మీరు చేసింది బతికించడం కాదు. బతికేదాన్ని మధ్యలో తన్నడం!

ఇంకా పైనుంచి అడుగుతున్నావు, అనూహ్య నీతో ఏమైనా అన్నదా అని. ఎందుకు అంత ఆత్రం? అది నోరు విప్పితే నీ సంతకం గతి ఏమవుతుందనా? నీ భయం నీ అక్షరాల్లోనే వణుకుతోంది. దాన్ని నోరు విప్పనివ్వు భగవంతుడా అని రోజూ మొక్కుతున్నాను.

విను. వచ్చే అష్టమినాడు మా బీడీల షెడ్డులో భజన. కృష్ణుడు పుట్టిన కథ నేనే చెప్పాలి, ఏటేటా నేనే చెబుతాను. మైకు పెడతారు, మూడు గల్లీలకు వినిపిస్తుంది. ఆ లోపల నువ్వు సంతకం వెనక్కి తీసుకోకపోతే, కంసుడి దగ్గరికి వచ్చినప్పుడు నీ పేరు చెబుతాను. ఒట్టు.

యాదవ్వ


కామారెడ్డి
19 ఆగస్టు

అక్కా,

నీ ఉత్తరం పురుషోత్తమన్న ఇస్తూ "ఏందమ్మా, అక్కజెల్లెండ్లు ఫోన్లు పారేసుకున్నరా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. లోపలికి వచ్చి మందుల గది తలుపేసుకుని చదివాను.

హరీష్ అరికాళ్ళ సంగతి నాకు తెలియదు. నిజంగా తెలియదు.

నీకు ఒక్క మాట మాత్రం రాయగలను. పాప తల మీద చేయి పెట్టి నేను ఒక మాట ఇచ్చాను. ఎవరికి ఇచ్చానో, ఏమని ఇచ్చానో చెబితే ఆ మాట తప్పినట్టే. మాట ఇచ్చి తప్పితే ఏమవుతుందో నీ పురాణాలే నాకు చెప్పాయి. మైకులో నా పేరు చెప్పాలనుకుంటే చెప్పు. కాని మందు పారేయడం తప్పు. అది నా మీద కోపం, దెబ్బ అనూహ్యకు తగులుతుంది. నా మందు వద్దంటే మీ ఎల్లారెడ్డి సర్కారు దవాఖానకు తీసుకుపో. కుట్లు చూపించు. అక్కా, కుట్లలో చీము పడితే మనుషులు పోతారు. నేను చూశాను.

ఇక్కడ ఒకటి జరిగింది. నీకు కాకపోతే ఎవరికి రాయను? నిన్న బిచ్కుంద అవతలి పిల్ల వచ్చింది నొప్పులతో. దానికి మరాఠీ తప్ప రాదు. శాంతవ్వ "తోయ్, తోయ్" అంటుంటే దానికి అర్థం కాక చూస్తోంది. శాంతవ్వ అరచేతికి ఇంకా కట్టు ఉంది, రెండో చేత్తో ఒక్కటిచ్చింది. "నువ్వు పట్టు" అని నా మీద అరిచింది. నా చేయి లేచింది. లేచి అక్కడే ఆగిపోయింది. దించితే తొడ మీద పడాలి. వెనక్కి తీసుకుంటే ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ పిల్ల నా చేతినే చూస్తోంది, దెబ్బ ఎప్పుడు పడుతుందా అని. చివరికి దాని నుదుటి మీద పెట్టాను. ఉలిక్కిపడింది.

"ఏం వనజమ్మా, మీ అక్క మంత్రమేసి చెయ్యి కట్టేసిందా?" అంది శాంతవ్వ. తర్వాత చేతులు కడుక్కుంటూ తనే అంది: "నా మూడు కాన్పులల్ల నన్నుగూడ గిట్లనే కొట్టిన్రు. సచ్చిననా? బతికిన గద."

అనూహ్యను దవాఖానకు తీసుకుపో అక్కా.

వనజ


ఎల్లారెడ్డి
27 ఆగస్టు

చెల్లె వనజా,

ఎట్లా మొదలుపెట్టాలో తెలియక పొద్దున్నుంచి కాగితం ముందు కూర్చున్నాను. పక్కన తునికాకు కట్ట తడిపి పెట్టి ఉంది, కోయడానికి కత్తెర లేదు. అది ఠాణాలో ఉంది.

నువ్వు రాసినట్టే జ్వరం వచ్చింది. ఒళ్ళు నిప్పు. సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. అక్కడి డాక్టరు చిన్న పిల్ల. చేతులు కడుక్కుని వచ్చి, "అక్కా, నేను గిప్పుడు ముట్టుకుంట, నొప్పైతె ఆగుమను, ఆగుత" అంది. ఆ ఒక్క మాటకే అనూహ్య భోరున ఏడ్చింది. మత్తు సూది ఇచ్చి, అది పట్టేదాకా ఆగి, చీము తీసింది. "ఇంక ఆలస్యమైతె పాణం మీదికొచ్చేది" అని నాతో అంది. నీ పొట్లం మోరీలో వేసిన చేయి నాదే. ఆ సంగతి నువ్వు ఇక్కడితో వదిలెయ్, నేను వదల్లేను.

నిన్న అష్టమి. నేను ఒట్టు పెట్టుకున్నాను కదా. దేవకిని చెరలో పెట్టినదాకా కథ మెల్లగా చెప్పాను. కంసుడి దగ్గరికి రాగానే ఒళ్ళు మండింది. "కంసుడు ఎక్కడనో లేడు తల్లులారా! కామారెడ్డిల ఉన్నడు, తెల్ల చీర గట్టుకున్నడు, వాని పేరు వనజ, నా అవ్వ కడుపులనే పుట్టిండు!" అన్నాను. అందరూ ఉమ్ముతారనుకున్నాను.

ఎవరూ ఉమ్మలేదు. వెనకనుంచి ఎంకవ్వ లేచింది. ఎంకవ్వ తెలుసు కదా, నా పక్కన కూర్చుని బీడీలు చుట్టేది, నోట్లో నాలుక లేనిది. "నన్నుగూడ చెంప మీద కొట్టిన్రు యాదవ్వా" అంది. "బిడ్డ సచ్చి పుట్టింది. ఏడుస్తుంటె, రాగం తియ్యకని మల్ల కొట్టిన్రు. ఇప్పటిదాంక నా మొగనికి జెప్పలె." ఆ తర్వాత ఇంకొకామె లేచింది. ఇంకొకామె. ఒకామెకు రక్తం కారుతుంటే తన నేల తనతోనే తుడిపించారట. ఒకామె బట్ట లేకుండా వరండాలో పడుకుంటే ముసలి మామ ఎదురుగా నిలబడాల్సి వచ్చిందట. మైకు నా చేతిలోనే ఉంది, కథ నా చేతినుంచి పోయింది. కృష్ణుడు పుట్టనే లేదు నిన్న. హారతి ఇవ్వడం కూడా మరిచాం.

ఇంటికి వస్తే అనూహ్య గడపలో కూర్చుని ఉంది. మైకులో అంతా విన్నది.

"అవ్వా, చిన్నవ్వను కంసుడన్నవ్?"

"అన్న. ఇంక అంట. దొంగ సంతకం పెట్టింది, నీ మొగణ్ణి జైల్ల ఏసింది."

"కత్తెర పట్టింది ఆయన గాదే. నేను."

వనజా, గడపలో దాని పక్కన కూర్చున్నాను. చెప్పమన్నాను. కాన్పు తర్వాత అది అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

కుట్లు తెగాయని మళ్ళీ కుట్టడానికి శాంతవ్వ, నువ్వు మంచం దగ్గరికి వచ్చారట. మగవాళ్ళు, చూడవచ్చిన చుట్టాలు అందరూ ఉన్న వార్డులో శాంతవ్వ దుప్పటి లాగేసిందట. "సూది లేకుండ వద్దు, నీ కాల్మొక్కుత" అని ఇది ఏడ్చిందట. "మల్ల మొదలువెట్టినవా?" అని శాంతవ్వ గిల్లి, కాళ్ళు పట్టమని నీకు చెప్పిందట. నువ్వు పట్టావట. అప్పుడు దీని చేయి తలగడ కిందికి పోయింది. "నేను పొడుద్దామనే పట్టిన అవ్వా. శాంతవ్వ చెయ్యి అడ్డం రాకుంటె కడుపుల దిగేది" అంది. కండ్లలో నీళ్ళు లేవు. వరండాలోంచి హరీష్ ఉరికి వచ్చి దీని చేతిలోంచి గుంజుకున్నాడు. నేను మెట్లెక్కి వచ్చి చూసింది అప్పుడు.

దయ్యం రాకుండా నేను పెట్టిన ఇనుము.

ఇప్పుడు అర్థమైంది పాప తల మీద ఎవరు నీ చేత ఒట్టు పెట్టించుకున్నారో. నేను మైకులో అన్న మాట మూడు గల్లీలు తిరిగింది. దాన్ని వెనక్కి పిలవలేను.

వనజా, ఇన్నేళ్ళూ నిజం నిజం అని గొంతు చించుకున్నాను. ఈ పూట నిన్ను బతిమాలుతున్నాను. సంతకం మార్చకు. నిజం చెప్పకు. పాలు తాగే పిల్ల తల్లిని ఠాణాకు తీసుకుపోతారు. హరీష్ అరికాళ్ళ మీద పడ్డ దెబ్బలు దీని అరికాళ్ళ మీద పడతాయి. నేను తట్టుకోలేను. దేవుడు నన్ను ఏమంటే అదే అననీ.

నీ అక్క
యాదవ్వ


కామారెడ్డి
30 ఆగస్టు

అక్కా,

చివర నీ అక్క అని రాశావు. ఆ రెండు మాటలు చాలాసేపు చూశాను.

అనూహ్య చెప్పింది నిజం. ఒక్కటి మాత్రం దానికి తెలియదు. గోడకు అదిమిపట్టి కొడుతుంటే కూడా హరీష్ నన్నే చూస్తున్నాడు. వాళ్ళు వదిలాక, నువ్వు అనూహ్య దగ్గర ఉన్నప్పుడు, పాపను ఎత్తుకుని వరండాలోకి వచ్చి పోలీసులు వచ్చేలోపు నా ముందు పట్టాడు. "చిన్నత్తా, దీని నెత్తి మీద చెయ్యి పెట్టు. నా పేరు జెప్త అని ఒట్టు పెట్టు. అది బాలింత. నాకేం గాదు, మగోన్ని" అన్నాడు. నేను పెట్టాను. నీకు నేను రాయకుండా దాచినవన్నీ ఆ ఒట్టు లోపలివే.

నిన్న పోయి అతన్ని చూశాను. అనూహ్యే నీతో చెప్పేసిందన్నాను. తల గోడకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "ఒట్టు తీస్కుంటున్న చిన్నత్తా. గని దాన్ని ఈడికి రానియ్యకున్రి" అన్నాడు. అందుకే ఇప్పుడు రాయగలుగుతున్నాను.

అక్కా, నువ్వు సంతకం మార్చవద్దన్నావు. నేను మారుస్తాను.

కోపపడకు, చివరిదాకా చదువు. కాగితాన్ని మధ్యలో పెట్టేయలేమని నువ్వే అన్నావు. మొన్న బిచ్కుంద అవతలి పిల్ల పేరు కూడా ఎవరూ అడగలేదు. ఇవాళ ఇంకొకామె. రేపు ఇంకొకామె. హరీష్ జైల్లో ఉన్నంతకాలం ఈ గదిలో జరిగేది ఎవరికీ తెలియదు. దవాఖాన మీద ఒక తాగుబోతు మొగుడు కత్తెరతో దూకాడు, అంతే. హరీష్ తాగడని కూడా ఎవరూ అడగలేదు. డాక్టరమ్మ కాగితంలో తాగాడని రాయించింది, నేను చూస్తూ ఊరుకున్నాను.

నేను జడ్జి ముందు చెబుతాను. కత్తెర ఎవరు పట్టారో మాత్రమే కాదు. దానికి ముందు ఏం జరిగిందో, దానికి ముందు కాన్పు గదిలో ఏం జరిగిందో, ఎవరు పీట ఎక్కారో, ఎవరు కాళ్ళు పట్టారో. నా చేయి గురించి ముందు చెబుతాను, తర్వాత మిగతావాళ్ళవి. ఒక వకీలును కలిశాను, ఆడమనిషి. అంతా కలిపి చెబితే బాలింతను లోపల పెట్టరని ఆమె నమ్మకం. నమ్మకమే, హామీ కాదు. అబద్ధం రాయను నీకు.

నన్ను కంసుడన్నావు. అంత పెద్దదాన్ని కాను అక్కా. నేను ఆ చెరసాల కావలిదాన్ని. పిల్లవాడు పుట్టినప్పుడు కావలివాళ్ళకు మాయనిద్ర పట్టింది, తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయని ఏటేటా నువ్వు చెబుతావు. చిన్నప్పటి నుంచి విన్నాను. ఇన్నేళ్ళు అట్లాంటి తలుపు లోపల పని చేశాను కాబట్టి చెబుతున్నాను. ఇనుప గడియ దానంతటది ఊడదు. ఎవరో కావలివాడు మేలుకునే ఉన్నాడు. వాడే తీసి ఉంటాడు. పురాణం వాడి పేరు రాయలేదు.

కాని ఒక్క పని నువ్వు చేయాలి. అనూహ్యను అడుగు. కొయ్యాలా అని ఎవరూ దాన్ని అడగలేదు, కుట్టాలా అని అడగలేదు, కాళ్ళు పట్టాలా అని నేను అడగలేదు. ఇది మాత్రం అడగాలి. అది వద్దంటే నేను నోరు విప్పను, ఎన్నాళ్ళయినా. నీ మాట కాదు, దాని మాట రాయి.

వనజ


ఎల్లారెడ్డి
4 సెప్టెంబరు

వనజా,

వానలకు బస్సు ఆగిపోయి ఆలస్యమైంది. ఆలస్యానికి నేనూ కారణం. నీ ఉత్తరం చదివి దాచాను. అడగకుండానే వద్దందని రాసేద్దామనుకున్నాను, కలం కూడా పట్టాను. పాప ఏడ్చింది, లేచాను, మళ్ళీ కూర్చుంటే రాయలేకపోయాను.

అడిగాను. పాపకు పాలిస్తోంది అప్పుడు. అవును, ఇస్తోంది. నీ ఉత్తరం చేతికిస్తే ఒంటి చేత్తో పట్టుకుని తనే చదువుకుంది. పాపను రెండో రొమ్ముకు మార్చుకుంది. దాని మాట దాని నోట్లో ఉన్నట్టే రాస్తున్నాను:

"జెప్పుమను. అంత జెప్పుమను. సగం జెప్తె నేనే పోయి మిగిలింది జెప్త."

"బిడ్డా, నిన్ను తోల్కపోతరేమో" అన్నాను.

"ఆ గదిలకంటె ఏడికి తోల్కపోతరవ్వా?"

అప్పుడు లేచి ఈ కాగితం తీశాను.

యాదవ్వ


కామారెడ్డి
12 సెప్టెంబరు

అక్కా,

చెప్పాను.

జడ్జి కూడా ఆడమనిషే. "కాళ్ళు పట్టిన" అని చెప్పినప్పుడు తలెత్తి నన్ను చూసింది. "ఎందుకు?" అంది. ఏళ్ళుగా నేర్చుకున్న జవాబు నోటిదాకా వచ్చింది, పిల్ల బతకాలని. దాన్ని మింగేశాను. "అందరం పడ్తం మేడం, అలవాటు" అన్నాను. రాసుకుంది. తొడ మీద గుర్తులు, మత్తు లేని కుట్లు, లాగేసిన దుప్పటి, అన్నీ రాసుకుంది. మీ సర్కారు డాక్టరు పిల్ల కూడా వచ్చి చీము సంగతి చెప్పింది. హరీష్‌కు బెయిలు దొరికింది, రేపు పొద్దున వదులుతారు. కేసు పోలేదు. అనూహ్య పేరు ఎక్కింది, కాని పట్టుకుపోరు, పిలిచినప్పుడు రావాలి. దవాఖాన మీద అనూహ్య పేరుతో వేరే కేసు అయింది. నా పేరు రెండింట్లోనూ ఉంది, ఒకదాంట్లో సాక్షిగా, ఒకదాంట్లో ముద్దాయిగా.

బయటికి వస్తుంటే శాంతవ్వ మెట్ల మీద ఉంది. నా మొహం మీద ఉమ్మింది. "నా పొట్ట గొట్టినవ్ గదనె. గన్ని కాన్పులు జేసిన, ఒక్కతి గూడ దండం పెట్టలె, ఇప్పుడు నేను రాక్షసినైతినా?" అంది. కొంగుతో తుడుచుకున్నాను. ఆమె అరచేతిలో మచ్చ అట్లాగే ఉంది.

డాక్టరమ్మ నన్ను తీసేసింది. నా సామాను సంచి గేటు బయట పెట్టించింది. నా కాన్పు గది చెప్పులు అందులో లేవు, వాటిని ఎవరికో ఇచ్చేశారట. ఇప్పుడు ఆ చెప్పుల్లో ఎవరున్నారో.

అనూహ్యను చూడాలని ఉంది. నన్ను రానివ్వమని అడగను. నాకు ఆ అర్హత లేదు. రాయకపోయినా అర్థం చేసుకుంటాను.

వనజ


ఎల్లారెడ్డి
15 సెప్టెంబరు

చెల్లె వనజా,

హరీష్ ఇంటికి వచ్చాడు. గడపలో కూర్చుని అరికాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు, పాపను ఒళ్ళో వేసుకుని. అనూహ్య అతని పక్కన కూర్చుంది. ఇద్దరూ పాపనే చూస్తున్నారు.

నిన్న షెడ్డులో మైకు పెట్టించాను. కంసుడు ఎవరో నాకు తెలుసనుకున్నాను, తప్పు చెప్పానని అన్నాను. తర్వాత అష్టమినాడు ఆగిపోయిన కథ ఎత్తుకున్నాను. చెరసాల తలుపు దగ్గర ఒక కావలిదాన్ని నిలబెట్టాను. అది పుస్తకంలో లేదని ఎంకవ్వ అంది. ఇప్పటి నుంచి ఉంటది అన్నాను. గడియ అది తీసింది. ఈసారి కృష్ణుడు పుట్టాడు, హారతి ఇచ్చాం.

కొత్త కత్తెర కొన్నాను. పాప తల కింద పెట్టబోతే అనూహ్య వద్దంది. ఆకు కోసుకోవడానికే వాడుకోమంది. అట్లాగే వాడుతున్నాను.

నువ్వు అడగనన్నావు కాబట్టి నేనే దాన్ని అడిగాను. నేను క్షమించమని చెప్పలేదు. ఆ మాట చెప్పే నోరు నాది కాదు. చిన్నవ్వ రావాలా వద్దా అని మాత్రం అడిగాను. పాపకు జుట్టు దువ్వుతూ దువ్వుతూ ఆగింది. దువ్వెన పక్కన పెట్టి అంది:

"రమ్మను. నా కాళ్ళ కాడ కూసోమను. పట్టుకోవద్దను."

పొద్దుటి బస్సుకు రా. పురుషోత్తంకు చెప్పాను, నీకు ముందు సీటు ఆపుతాడు.

నీ అక్క
యాదవ్వ